మూడో గేటు సందు

పాత టోల్ గేటు దగ్గర రాత్రి పదకొండు దాటాక బండిని నెమ్మదిగా పోనివ్వకూడదని మా డిపోలో ఒక మాట ఉండేది. బోర్డు మీద ముప్పై అని రాసి ఉంటుంది. రాసి ఉంది కదా అని ముప్పైలో పోయావా... అది వస్తుంది.

అది అంటే ఏమిటని అప్పుడే అడక్కండి. చెప్పడానికేగా కూర్చున్నాను.

ఆ టోల్ గేటు మూతబడి చాలా ఏళ్లయింది. అడ్డకర్రలు ఊడబీక్కుపోయారు, మనుషుల్ని పంపేశారు. నాలుగు గేట్లూ, వాటి మధ్య అద్దాలు పగిలిన ఇరుకు గదులూ, పైన రేకుల కప్పూ మాత్రం అలాగే వదిలేశారు. ఒక్క దీపం లేదు. లోడు లారీలు అక్కడికొచ్చేసరికి ఒకదాని వెనక ఒకటి పాకుతాయి. అలా పాకేటప్పుడు ఓ గదిలోంచి తెల్లగా ఏదో బయటికొస్తుంది... తల మీదుగా ముసుగు... ఒక కాలు ఈడ్చుకుంటూ బండి పక్కకొచ్చి, అద్దం మీద వేలితో రెండుసార్లు కొడుతుంది. అద్దం దించితే లోపలికి తొంగిచూస్తుంది. గొంతుండదు, గాలే ఉంటుంది. ఆ గాలితోనే ఒక్క మాట...

"లోపల ఎవరైనా ఉన్నారా... ప్రాణం మీదికొచ్చినవాళ్లు?"

లేరు అంటే వెనక్కి తిరిగి వెళ్లిపోతుంది. మళ్లీ చూస్తే ఉండదు.

ఒక లారీ డ్రైవరు మూడు రోజులు జ్వరంతో మంచం దిగలేదట. మా డిపోలోనే ఒక పెద్దమనిషి ఉండేవాడు, పులిని చూసినా మీసం తిప్పే రకం. ఆ దారిలో రాత్రి డ్యూటీ వేస్తే చాలు, కడుపునొప్పని సెలవు చీటీ రాసిచ్చేవాడు.

నేను కండక్టర్ని. ముప్పయ్యేళ్లు టికెట్లు చింపినవాణ్ని. టికెట్టు కొనకుండా వెనక సీట్లో నిద్ర నటించే ప్రతివాడూ నాకు దెయ్యమే, వేరే దెయ్యాలంటే నాకు లెక్కలేదు. కానీ ఈ దెయ్యం ఊసెత్తితే మాత్రం నవ్వలేకపోయేవాణ్ని. అది ఎవరి దెయ్యమని అందరూ అనుకునేవారో, ఆవిడ చేతి అన్నం నేను తొమ్మిదేళ్లు తిన్నాను.

మా డ్రైవరు వాళ్ల అమ్మ ఆవిడ.

మా డ్రైవరుని డిపో అంతా మెరుపు అనేది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినబడేది కాదు. మాకు చుట్టరికం ఏమీ లేదు, అయినా బావా అంటే బావా అనుకునేవాళ్లం. పొద్దున్నే వాళ్ల అమ్మ రెండు గిన్నెలు కట్టి పంపేది, ఒకటి వాడికి, ఒకటి నాకు. నా గిన్నెలో కూర కాస్త ఎక్కువుండేది. "కొడుకుని నేనా వీడా?" అని మెరుపు రోజూ గొడవపెట్టేవాడు.

వాడు బండి నడుపుతుంటే చూడాలి. స్పీడంటే పిచ్చి అననుగానీ, గర్వం. టైమ్ కీపరు ఆఫీసు గోడ మీద 'నిదానమే ప్రధానం' అని రాయించాడు. మెరుపు దాన్ని చూసినప్పుడల్లా, "ఈ మాట అన్నవాడు జన్మలో బస్సు నడిపి ఉండడు బావా" అనేవాడు.

వాడికొక వాదన ఉండేది. టీ తాగేటప్పుడు మొదలుపెడితే గ్లాసు చల్లారిపోయినా ఆపేవాడు కాదు. "ట్రాఫిక్ జాములు ఎవరివల్ల అవుతాయి చెప్పండి? స్పీడుగా పోయేవాడి వల్లా? వాడు పోయాడు, దారి ఖాళీ అయింది, అంతే కదా! ఆ ముప్పైలో పాకేవాడున్నాడే, వాడే అడ్డం. ఊరందరికీ వాడి వల్లే ఆలస్యం."

అందరం తలూపేవాళ్లం. నా తప్పు నేను దాచుకోను, అందరికంటే గట్టిగా నేనే ఊపేవాణ్ని. బస్సు టైముకి చేరితే కండక్టరూ తొందరగా ఇల్లు చేరతాడు మరి.

ఆ మూడో గేటు సందు కనిపెట్టింది కూడా వాడే. మనవైపు రెండు గేట్లు. నాలుగోది సిమెంటు దిమ్మలు పెట్టి మూసేశారు. అంటే ఎదురొచ్చేవాళ్లకి మిగిలింది మూడోది ఒక్కటే. మనవైపు లారీలు బారులు తీరి ఉంటే, బస్సుని కుడికి కోసి, వాళ్ల మూడో గేట్లో దూరి, అవతల మళ్లీ ఎడమకి లాగెయ్యాలి. మూడు నిమిషాలు మిగులుతాయి. గేటు దాటగానే మలుపు, ఎదురుగా ఏముందో కనబడదు. హారన్ నొక్కి పట్టుకుని దూరడమే. ఏడాది తిరిగేసరికి డిపోలో ప్రతి డ్రైవరూ ఈ విద్య నేర్చేసుకున్నాడు.

ఆ రోజు సాయంత్రం ఐదు గంటలు. బస్సులో కాలు పెట్టడానికి సందు లేదు. టోల్ గేటు ముందు పదిహేను లారీలు.

"బావా, దూరేదా?" అని కేకేశాడు మెరుపు.

నేను రెండుసార్లు బెల్లు కొట్టాను. రెండుసార్లంటే పోనివ్వమని.

దూరాడు. గేటు దాటీ దాటగానే బస్సు ఎడమకి ఒక్క విసురు విసిరింది. నిలబడ్డవాళ్లంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. వెనక ఎక్కడో కీచుమని టైర్ల చప్పుడు... ఆ వెంటనే ధన్‌మని ఇంకో చప్పుడు. తల తిప్పి చూశాను. జనం తలకాయలు తప్ప నాకేమీ కనబడలేదు.

"ఏమైంది బావా?" అని అరిచాను.

"ఏం లేదు... ఎవడో బ్రేకు వేశాడు" అన్నాడు. నా వంక చూడలేదు.

ట్రిప్పు నడిచేటప్పుడు డ్రైవరు ఫోను కండక్టరు సంచిలో ఉండాలి, అది మా రూలు. ఐదున్నరకి సంచిలో ఫోను మోగింది. తెలియని నంబరు. కట్ చేశాను. మళ్లీ మోగింది. ట్రిప్పులో ఉన్నాం, ఎవడో లోను ఇస్తాననేవాడై ఉంటాడని మళ్లీ కట్ చేశాను. మూడోసారి కూడా అంతే చేశాను.

ఆ ఫోను అంబులెన్సులోంచి వచ్చింది.

వాళ్ల అమ్మకి గుండెనొప్పి వస్తే పక్కింటివాళ్లు అంబులెన్సు పిలిచి ఎక్కించారు. పెద్దాస్పత్రి మా బస్సు చేరే ఊళ్లోనే ఉంది. అంబులెన్సు మా వెనక పది నిమిషాల దూరంలో వస్తోంది. టోల్ గేటు దగ్గరికి వచ్చేసరికి ఏముంది... బేకరీ వ్యాను ఒకటి గేట్ల ముందు రోడ్డుకి అడ్డంగా పడి ఉంది. ట్రేలు పగిలి రొట్టెలన్నీ రోడ్డు మీద. ఇటు లారీలు, అటు లారీలు, మధ్యలో దూరిన కార్లు. అంబులెన్సు ముందుకీ పోలేదు, వెనక్కీ రాలేదు. అలా గంటన్నర. క్రేను వచ్చి వ్యాన్ని పక్కకి లాగేసరికి ఆవిడ లేదు.

మేం మాత్రం మూడు నిమిషాలు ముందే చేరాం. టైమ్ కీపరు భేష్ అని మెరుపు భుజం తట్టాడు కూడా. ఆ తర్వాత పావుగంటకి తెలిసింది.

"మావాడు డ్రైవరేనమ్మా, వాడికి ఫోన్ చెయ్యండి, వాడైతే ఎలాగోలా దారి చేస్తాడు" అందట చివరిదాకా, అంబులెన్సులో నర్సుతో. నేను ఫోనెత్తి ఉంటే ఏం జరిగేది? ఏమీ జరిగేది కాదు. కానీ వాడు తల్లి గొంతు వినేవాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముద్ద దిగదు.

వ్యాను డ్రైవరు బతికాడు. నిద్రపట్టి బండి తిరగబడిందని తనే రాసిచ్చాడని పోలీసులు చెప్పారు. లైసెన్సు లాగేశారు, బేకరీవాళ్లు ఉద్యోగంలోంచి తీసేశారు. మెరుపు వాణ్ని తిట్టని తిట్టు లేదు, మొదటి వారం. ఆ తర్వాత మానేశాడు. ఎవరైనా వ్యాను మాటెత్తితే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుని లేచి వెళ్లిపోయేవాడు.

నేను అడగలేదు. వాడు చెప్పలేదు. ఏడాది పైన ఒకే బస్సులో ముందొకడు, వెనకొకడు తిరిగాం.

మనిషి మారిపోయాడు. మెరుపు అన్న పేరు ఎవరైనా నోరుజారి అంటే, వద్దన్నట్టు చెయ్యి ఊపేవాడు. దారంతా నత్తనడక. అందరూ హారన్లు కొట్టి తిట్టుకుంటూ దాటిపోయేవాళ్లు. ఒక్క టోల్ గేటు దగ్గర మాత్రం, మన గేట్లో నుంచే, తల అటూ ఇటూ తిప్పకుండా ఒక్క ఊపున దాటించేసేవాడు.

అదిగో, అప్పుడు పుట్టింది ఈ దెయ్యం మాట. ముసుగేసుకుని వస్తోందట, కుంటుతోందట, ప్రాణం మీదికొచ్చినవాళ్ల కోసం వెతుకుతోందట. ఎవరిదై ఉంటుందో చెప్పడానికి ఎవరికీ పంచాంగం అక్కర్లేకపోయింది. వాడు డిపో గదిలోకి రాగానే అందరూ మాట మార్చేవాళ్లు. ఎన్నాళ్లు మారుస్తారు? ఒకరోజు గుమ్మం అవతలే నిలబడి మొత్తం విన్నాడు.

ఆ సాయంత్రం ట్రిప్పు అయ్యాక నా దగ్గరికొచ్చాడు.

"బావా, నీ స్కూటరు తాళం ఇవ్వు."

"ఎక్కడికి?"

"అమ్మ దగ్గరికి."

"నీకేమన్నా మతిపోయిందా? వాళ్లు వాగితే నువ్వు నమ్ముతావా?"

"ఒక్కసారి కనబడితే చాలు బావా... ఒక మాట చెప్పాలి. అది చెప్పకుండా నాకు నిద్ర లేదు. విని క్షమిస్తుందో, ఛీ పో అంటుందో... ఏదో ఒకటి ఆవిడ నోటితో వినాలి."

"నేనూ వస్తా పద."

"వద్దు. నువ్వుంటే రాదేమో."

తాళం ఇచ్చాను. ఇక్కణ్నించి చెప్పేది నేను కళ్లారా చూసింది కాదు. మర్నాడు తెల్లవారుజామున డిపో బెంచీ మీద కూర్చుని వాడు చెబితే విన్నది.

పదకొండున్నరకి టోల్ గేటు చేరాడు. స్కూటరు కాలినడక కంటే నెమ్మదిగా పోనిచ్చాడట. అయినా ఏమీ రాలేదు. మూడో గేటు ముందుకి పోయి ఇంజను ఆపేశాడు. లైటు ఆర్పేశాడు.

పైన రేకు గాలికి టపటపా కొట్టుకుంటోంది... ఆగుతోంది... మళ్లీ కొట్టుకుంటోంది.

ఒక లారీ వచ్చి పోయింది. దాని వెలుగు గోడల మీదుగా జారుకుంటూ వెళ్లిపోయాక చీకటి ఇంకా చిక్కబడింది.

చప్పుడు...

గదిలో ఏదో కదిలింది. ఒక అడుగు పడింది. తర్వాత ఏదో ఈడ్చిన చప్పుడు. మళ్లీ అడుగు... మళ్లీ ఈడ్చిన చప్పుడు. వాళ్ల అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఇంట్లో అలాగే నడిచేది.

తెల్లటి ముసుగు గుమ్మం దాటి బయటికొచ్చింది. దగ్గరికొచ్చింది. చెయ్యి చాస్తే అందేంత దగ్గరికి.

"ఎవరైనా ఉన్నారా... ప్రాణం మీది..."

"అమ్మా" అన్నాడు మెరుపు.

ముసుగు అక్కడే ఆగిపోయింది.

"అమ్మా... నేనేనమ్మా..."

ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు. మాయమైపోతుందేమోనని వీడు ప్రాణాలకి తెగించి స్కూటరు వదిలేసి, చేతులు చాచి ముసుగు పట్టేసుకున్నాడు.

చేతికి తగిలింది ఉన్ని దుప్పటి. వెచ్చగా ఉంది.

లాగేసరికి దుప్పటి జారింది. కింద నెరిసిన గడ్డం... బక్కచిక్కిన మగమనిషి, ఒక కాలు వంకరపోయి ఉంది. మెడ మీద ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కుట్ల మచ్చ.

అప్పటిదాకా గుండెల్లో ఉన్న భయమంతా ఒక్కసారి కోపమైపోయింది వాడికి. మనిషిని గోడకి అదిమి, "ఎవడ్రా నువ్వు? దెయ్యం వేషం వేసి జనాన్ని దోచుకుందామనా? చంపేస్తా!" అని చెయ్యెత్తాడు.

"కొట్టకు బాబూ..." గొంతు లేదు, గాలే. "నేను వేషం వెయ్యలేదు. చలికి కప్పుకున్నా. నేను... బేకరీ వ్యాను డ్రైవర్ని."

ఎత్తిన చెయ్యి అలాగే కిందికి వాలిపోయింది.

"ఆ ప్రమాదం తర్వాత పగలు ఇక్కడ పోలీసుని పెట్టారు బాబూ. రాత్రి ఎవరూ ఉండరు. లారీలు ఇరుక్కుంటే గంటలు గంటలు కదలవు. ఎవరైనా పేషెంటు ఉంటే ముందుకి పంపిద్దామని చూస్తుంటా. ఇద్దర్ని పంపించాను ఇప్పటికి. ఒకమ్మాయికి కారులోనే నొప్పులొచ్చేశాయి. లారీలన్నిటినీ బతిమాలి పక్కకి పెట్టించాను. మగపిల్లాడట, తర్వాత తెలిసింది." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "మీ అమ్మగారినే... పంపించలేకపోయాను."

"మా అమ్మ అని నీకెలా తెలుసు?"

"ఇప్పుడు అమ్మా అన్నావు కదా బాబూ. ఆ పిలుపు ఆస్పత్రిలో విన్నాను."

అని, ఆ ముసలాయన కింద కూలబడి వాడి కాళ్లు పట్టుకోబోయాడట.

"నా వల్లే బాబూ. నాకు నిద్ర పట్టేసింది. స్టీరింగు మీద కన్ను మూతపడింది. తెలివొచ్చేసరికి బండి అడ్డంగా పడి ఉంది. ఆ తల్లి ఉసురు పోసుకున్నది నేనే. నన్ను క్షమించు."

చూశారా... అక్కడితో వదిలేస్తే సరిపోయేది. పోలీసు కాగితంలో ఉన్నదీ అదే, ఆ మనిషి నోట వచ్చిందీ అదే. పోనీలే, క్షమించాను అని స్కూటరెక్కేస్తే మెరుపు హాయిగా బతికిపోయేవాడు. నేనూ బతికిపోయేవాణ్ని. రెండుసార్లు బెల్లు కొట్టినవాణ్ని నేనే కదా.

వాడు వదల్లేదు. ముసలాయన్ని భుజాలు పట్టి లేపాడు.

"నీకు నిద్ర పట్టలేదు" అన్నాడు.

"పట్టింది బాబూ..."

"పట్టలేదు! నీ కళ్లు నేను చూశాను. మూడో గేటు దాటగానే ఎదురుగా నువ్వు. అంతంత కళ్లు చేసుకుని నా వంకే చూస్తున్నావు. నిద్రపోయేవాడి కళ్లా అవి? రోజూ నా కంటి ముందు అవే. నీ బండి తిరగబడటం కూడా అద్దంలో చూశాను. చూసి కూడా ఆపలేదు... టైము పోతుందని ఆపలేదు. మా అమ్మకి దారి మూసింది నువ్వు కాదు. నేను. ఈ మాట చెప్పుకోడానికే వచ్చాను ఇక్కడికి. ఆవిడ లేదు, నువ్వున్నావు."

ముసలాయన కింద పడ్డ దుప్పటి కోసం వంగాడట.

"నువ్వూ నన్ను చూశావు. మరి నిద్రపట్టిందని ఎందుకు రాసిచ్చావు? ఉద్యోగం పోగొట్టుకుని, లైసెన్సు పోగొట్టుకుని... ఎందుకు?"

ఇక్కడిదాకా చెప్పి మా బావ బెంచీ మీద వెక్కి వెక్కి ఏడ్చాడు. ముసలాయన ఏమన్నాడో చెప్పలేకపోయాడు. నేనూ గుచ్చి అడగలేదు. తెల్లవారాక ఇద్దరం కలిసి పోలీస్ స్టేషనుకి పోయాం. వాడు ఉన్నదున్నట్టు రాసిచ్చాడు. దాని కింద బెల్లు సంగతి నేను రాసిచ్చాను. మా ఇద్దరి ఉద్యోగాలూ అక్కడితో సరి. కేసు ఇంకా నడుస్తోంది, నడవనివ్వండి. వ్యాను డ్రైవరుకి లైసెన్సు తిరిగిస్తామన్నారు. వద్దన్నాడట.

స్టేషను మెట్లు దిగేటప్పుడు వాడు ఆగి, ముసలాయన చెప్పిన జవాబు అప్పుడు చెప్పాడు.

"ఆ రోజు వరండాలో నా మెడకి కుట్లేసి బెంచీ మీద కూర్చోబెట్టారు బాబూ. నోరు పెగలడం లేదు. పోలీసాయన కాగితం, పెన్నూ ఇచ్చి ఏం జరిగిందో రాయమన్నాడు. బస్సు అని రాశాను. అంతలో నువ్వు పరిగెత్తుకుంటూ వచ్చావు. స్ట్రెచరు పట్టుకుని నేల మీద పడి, అమ్మా అమ్మా అని తల బాదుకుంటున్నావు. ముఖం చూడగానే పోల్చుకున్నాను."

దుప్పటి మళ్లీ తల మీదికి లాక్కున్నాడట ముసలాయన.

"తల్లి పోయిందని ఏడుస్తున్నవాడికి... నీవల్లే పోయిందని ఎలా చెప్పను బాబూ? బస్సు అన్న ముక్క కొట్టేసి, పక్కన నిద్ర అని రాశాను."